పక్క సీటు బ్రేకు

మా డ్రైవింగ్ స్కూలు కారుకి బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలికింద ఉంటుంది, రెండోది పక్క సీట్లో కూర్చునే నా కాలికింద. నేర్చుకునే మహానుభావులు ఎదురుగా గోడ కనిపిస్తే కళ్ళు మూసుకుంటారే గాని యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యరు. ఊళ్ళో గోడలు ఇంకా నిలబడే ఉన్నాయంటే అది నా కుడికాలి చలవ. నా చాటున అందరూ నన్ను బ్రేకు మేడం అంటారని తెలుసు. అననీ, బతికుండబట్టే కదా అంటున్నారు.

ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి కాలు నా మాట వినడం మానేసింది. బస్సెక్కినా తొక్కుతాను. లిఫ్టులో కిందికి దిగుతున్నా తొక్కుతాను. ఒకసారి సినిమా హాల్లో తెర మీద కారు జోరుగా మలుపు తిరిగేసరికి ముందు సీటాయన నడుము మీద ఒక్కటి తన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఇంటర్వెల్లోనే లేచి వచ్చేశాను. ఆ సినిమాలో చివరికి ఏమైందో నాకిప్పటికీ తెలియదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ వేసవిలో నా మేనకోడలు నా దగ్గరికి వచ్చింది.

మా తమ్ముడు ఓడల్లో, ఇంజన్ గదిలో పనిచేస్తాడు. వెళ్ళాడంటే నెలల తరబడి నీళ్ళ మీదే. మరదలు నర్సు. ఆమెకి ఈమధ్యే దూరపు ఆస్పత్రికి బదిలీ అయింది, అక్కడ ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. పిల్లని ఒక్కదాన్నే ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పోలేరు కదా. అందుకని సెలవులయ్యాక అది నా దగ్గరుండి చదువుకోవాలి, లేదంటే హాస్టల్లో చేరాలి. ఏదైనా పిల్ల ఇష్టమే అన్నారు మొగుడూ పెళ్ళాం. తమ్ముడు మాత్రం నాకు ఫోన్ చేసి గట్టిగా చెప్పాడు.

"నువ్వు అడగొద్దక్కా. నువ్వడిగితే అది మొహమాటానికి నీకే తలూపుతుంది. నేను ఓడ ఎక్కేలోగా దానంతట అదే చెప్పాలి."

అడగనన్నాను. అనడానికేం, ఎన్నయినా అంటాం.

నాకా పిల్ల కావాలి. దాచేదేముంది? పెళ్ళి మాట ఎత్తిన ప్రతివాళ్ళకీ రివర్సు గేరు చూపించిన మనిషిని, ఒంటరిగా ఉన్నానని ఏడ్చే రకాన్ని కాను. కానీ అది పుట్టినరోజున అందరికంటే ముందు ఎత్తుకున్నది నేను. అది పొద్దున్నే దువ్వెన పట్టుకుని జడ కోసం నా ముందు కూర్చుంటే, సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి లోపల దీపం వెలుగుతూ ఉంటే ఎంత బావుండునో అని తెగ అనుకునేదాన్ని. దానికోసం వెనక గది ఖాళీ చేశాను. అందులో మా స్కూల్లో దారి గుర్తుకి పెట్టే కోన్లు, పగిలిన అద్దాలు, పొట్టివాళ్ళ కింద వేసే దిళ్ళు ఉండేవి. అన్నీ తీసుకెళ్ళి మా ఓనరు మొహాన పడేసి, గోడలకి పసుపు రంగు వేయించి, కొత్త మంచం, కొత్త బల్ల కొన్నాను. తలుపు మీద ఒక నత్త బొమ్మ అతికించాను.

నత్త అంటే మా మేనకోడలే. దేన్నయినా చూడడం మొదలుపెడితే కళ్ళు తిప్పదు, కాలు కదపదు. అందుకని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. నేనేమో కాలుకాలిన పిల్లిని. అత్తా నత్తా ఒక ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ముందుకీ పోదు, వెనక్కీ పోదు అని తమ్ముడి వెటకారం.

పిల్లకి ఊరు నచ్చితే నేనూ నచ్చుతాను, ఇదీ నా ఆలోచన. అందుకని ఊళ్ళో పిల్లల్ని తీసుకెళ్ళదగ్గ చోటు ఒక్కటి కూడా వదలకూడదనుకున్నాను. తీరా చూస్తే వేసవి మాకు ఊపిరాడని కాలం. కాలేజీ పిల్లలందరికీ కారు నేర్చుకోవాలని అప్పుడే బుద్ధి పుడుతుంది. పొద్దున పాఠాలు, సాయంత్రం పాఠాలు, మధ్యలో మిట్టమధ్యాహ్నం ఎండలో నత్తని వేసుకుని తిరుగుళ్ళు. నెత్తిమీద స్కూలు బోర్డుతో మా కారు వెళుతుంటే పక్కబళ్ళన్నీ హడలిపోయి దూరంగా జరిగేవి.

మొదట జూకి వెళ్ళాం. నాకు పులిని చూపించాలని ఆత్రం. నత్త లోపలికి అడుగుపెట్టగానే కుందేళ్ళ దగ్గర ఆగిపోయింది. అక్కడ చూడ్డానికేముంది? నీడలో గడ్డి వేస్తే, అంత చోటూ వదిలేసి అన్నీ ఒక మూల ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. నేను గడియారం చూశాను, కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాను, పులి అన్నాను, ఏనుగన్నాను. ఉలుకూ పలుకూ లేదు. చివరికి కంచె పట్టుకునే, వీటికి ఇరుగ్గా ఉండదా అత్తా అని అడిగింది. నాకు సందు దొరికింది. ఇరుకే మరి, పాపం వాటికి నీలాగా సొంత గది ఎక్కడిదీ అన్నాను. అది నా మొహంలోకి ఒకసారి చూసి మళ్ళీ కుందేళ్ళ వైపు తిరిగింది. పులి దగ్గరికి చేరేసరికి దాన్ని లోపలికి తోలేశారు.

అడగకుండా అడిగే దారులు నాకు బోలెడు తెలుసు. వచ్చేటప్పుడు కారుని మా వీధి చివరి స్కూలు ముందుకి తీసుకెళ్ళి కావాలని మెల్లగా పోనిచ్చాను. ఇక్కడ లైబ్రరీ బావుంటుందట అన్నాను. ఓహో అంది. నడిచి వచ్చేయచ్చు కూడా అన్నాను. అవునా అంది. ఆ ఓహోకీ ఆ అవునాకీ అర్థాలు వెతుక్కుంటూ సాయంత్రం పాఠంలో నా విద్యార్థి ఎర్రలైటు దాటేస్తున్నా చూసుకోలేదు. కాలే చూసుకుంది.

తర్వాత చేపల మ్యూజియం, తర్వాత బొమ్మరైలు. ఆ తర్వాత ఎగ్జిబిషన్‌లో డాషింగ్ కార్లు. ఒకదాన్నొకటి గుద్దుకోవడానికి తిరిగే చిన్న కార్లు అవి, చుట్టూరా రబ్బరు ఉంటుంది. నత్త స్టీరింగు దగ్గర కూర్చుంది, నేను నా అలవాటు ప్రకారం పక్కన. గంట కొట్టారు. ఎదురుగా ఎవడో కుర్రాడు పళ్ళికిలిస్తూ మా మీదికి వస్తున్నాడు. నా కుడికాలు నేలకేసి బలంగా దిగింది. అక్కడ బ్రేకు లేదాయె. ఇక చెయ్యి ఊరుకుంటుందా? స్టీరింగు లాగి తిప్పేశాను. మళ్ళీ ఇంకొకడు, మళ్ళీ తిప్పాను. "ఇవి గుద్దుకోడానికే అత్తా" అని నత్త నవ్వుతూ చెప్పింది, తర్వాత నవ్వకుండా చెప్పింది. చివరి గంట కొట్టేదాకా ఒక్క దెబ్బ తగలకుండా ఆ బరి అంతా తిప్పాను. దిగుతుంటే, తన సర్వీసులో ఇలాంటి డ్రైవింగ్ చూడలేదన్నాడు ఆపరేటరు. నేను పొగడ్త అనుకున్నాను. నత్త మాత్రం తల వంచుకుని తన వేళ్ళు చూసుకుంటోంది.

ఇంట్లో మరో చిత్రం. పసుపు గదిలో పడుకున్న పిల్ల తెల్లారేసరికి హాల్లో నా మంచం పక్కన నేల మీద కనిపించేది, దిండుతో సహా. ఫ్యాను చప్పుడేమోనని మనిషిని పిలిపించి ఫ్యాను బాగుచేయించాను. మళ్ళీ నేల మీదే. పరుపు గట్టిగా ఉందేమోనని పరుపు మార్చాను. మళ్ళీ అంతే. గదిలో ఏం బాగాలేదే అని అడిగితే, గది చాలా బావుందత్తా అంది. నిజంగానే అంది. బావున్న గదిలో ఎందుకు పడుకోవో చెప్పవేం అని గొంతుదాకా వచ్చింది. తమ్ముడి మాట గుర్తొచ్చి మింగేశాను. మింగిన మాట ఒకటా రెండా, ఈ వేసవిలో నా కడుపు వాటితోనే నిండింది.

తమ్ముడు ఆదివారం సాయంత్రం ఓడ ఎక్కుతాడనగా, శనివారం దాన్ని వాటర్ పార్కుకి తీసుకెళ్ళాను. అక్కడ నా ప్రాణం తోకకొచ్చింది. టికెట్ల దగ్గర చిల్లర తీసుకుని వెనక్కి తిరిగేసరికి నత్త లేదు. పెద్ద జారుడుబల్ల దగ్గర లేదు, చిన్న కొలను దగ్గర లేదు. పిలిచీ పిలిచీ గొంతు పోయింది. ఈలలు ఊదే కాపలావాళ్ళందర్నీ నిలదీశాను, ఎవరో పెద్దాయన్ని పక్కకి తోసేశాను కూడా. ఆఖరికి బట్టలు మార్చుకునే గదుల వెనక దొరికింది. ఏదో స్కూలు నుంచి వచ్చిన ఆడపిల్లల గుంపు మెట్ల మీద వరసగా కూర్చుని, ఒకరి తడిజడ ఒకరు విప్పుకుంటున్నారు. ఆ వరస మధ్యలో, ఇద్దరికి కలిపి ఒకే తువ్వాలు కప్పుకుని, మా నత్త. అది అంత పెద్దగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

చూసి సంతోషించాలా? నేను దాని రెక్క పట్టుకుని లేవదీశాను. బుద్ధుందా, చెప్పి వెళ్ళక్కర్లేదా అని అందరి ముందూ కేకలేశాను. ఆ పిల్లలంతా తువ్వాళ్ళు ఏరుకుని పక్కకి జరిగారు. కారులో కూర్చున్నాక ముందు దాని సీటు బెల్టు నేనే బిగించాను. తప్పిపోయావనుకున్నానే అని అప్పుడు మెల్లగా చెప్పాను. సారీ అత్తా అంది. కొంతదూరం పోయాక, "వాళ్ళంతా హాస్టల్ పిల్లలట" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మరుక్షణం నా నోరు అదుపు తప్పింది. హాస్టల్లో తిండి నోట్లో పెట్టలేమట, నీళ్ళకి వరసలో నిలబడాలట, దుప్పట్ల నిండా నల్లులట అని ఇల్లు చేరేదాకా ఆపకుండా వాయించాను. ఇందులో ఒక్కటి కూడా నాకు తెలిసింది కాదు, నేను హాస్టల్ గుమ్మం తొక్కినదాన్ని కాదు. అది నిమ్మకు నీరెత్తినట్టు విని, నల్లుల సంగతి వాళ్ళెవరూ చెప్పలేదే అంది. ఆ రాత్రి అది తన గదిలోనే పడుకుంది, నేలమీదికి రాలేదు. రానందుకు నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం పాఠాలన్నీ మానేశాను. ఓనరు అరిచాడు, నేను ఇంకా గట్టిగా అరిచాను. మిగిలింది చెరువు పార్కు ఒక్కటే. అక్కడ తొక్కే పడవలు ఉంటాయి. రెండు సీట్లు, ఇద్దరి కాళ్ళకిందా పెడళ్ళు, మధ్యలో పడవని తిప్పే పిడి. పడవలాయన మాకు లైఫ్ జాకెట్లు బిగించి, పెడళ్ళు రెండూ ఒకే ఇరుసుకి ఉంటాయని, ఒకరు తొక్కితే రెండోవారివీ తిరుగుతాయని, ఈల వేస్తే వెనక్కి వచ్చెయ్యాలని చెప్పి తోశాడు. పిడి నేను తీసుకుంటానన్నాను. నత్త అప్పటికే పట్టుకుని ఉంది.

చెరువు నిండా పడవలే. ఎడంపక్క ఒకటి వస్తే నా కాలు బిగుసుకునేది, కుడిపక్క ఒకటి వస్తే బిగుసుకునేది. అడ్డమేం రాకపోయినా, ఎప్పుడు చెబుతావే అని మనసులో అనుకోగానే బిగుసుకునేది. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేస్తాడు. ఈ పిల్లేమో నోరు విప్పదు. పడవ రెండు బారలు పోవడం, ఆగడం, పక్కకి తిరగడం. నత్త ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చెయ్యి మోకాలి మీద వేసి నొక్కి మరీ తొక్కుతోంది, మొహం ఎర్రబడింది.

"అత్తా, నువ్వు కాళ్ళు తీసెయ్యవా?"

"ఎందుకే, నేనూ తొక్కుతున్నాగా?"

"నువ్వు తొక్కట్లేదత్తా. ఆపుతున్నావు. నువ్వు నొక్కి పట్టుకుంటే నావి తిరగట్లేదు."

ఊరి గోడలన్నీ కాపాడిన కాలికి ఈ మాట పడుతుందని నేను అనుకోలేదు. కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది. చెప్పులు విడిచి కాళ్ళు రెండూ సీటు మీద పెట్టుకుని కూర్చున్నాను. పడవ కదిలింది. నత్త గుంపుల్లోంచి దాన్ని మెల్లగా బయటికి తెచ్చి, ఎవరూ లేని వైపుకి తిప్పింది. అక్కడికి వచ్చాక, నీళ్ళలోకి చూస్తూ, చాలా నిదానంగా మొదలుపెట్టింది.

"హాస్టల్లో అందరూ ఒకే గదిలో పడుకుంటారట. లైటు తీసేశాక కూడా మాట్లాడుకుంటారట."

కుందేళ్ళు గుర్తొచ్చాయి. హాల్లో నేల మీద దిండు గుర్తొచ్చింది. నాన్న ఎప్పుడూ సముద్రంలో, ఇప్పుడు అమ్మ కూడా రాత్రి డ్యూటీల్లో, ఈ పిల్ల పక్కమీద ఒక్కతే. దానికి నేను ఏరి ఏరి ఇచ్చింది ఇంకో ఖాళీ గది, అదీ తలుపుతో.

"గదికి నువ్వు రంగేయించావు కదా. అందుకే చెప్పలేదు. నువ్వు బాధపడతావని."

అదే సమయానికి నా లైఫ్ జాకెట్ జేబులో ఫోన్ మోగింది. తమ్ముడు. సాయంత్రం దాకా ఆగలేకపోయాడు కాబోలు, వాడూ నా తోడబుట్టినవాడే కదా. నత్త తొక్కడం ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే చెప్పత్తా. నేను చెప్తే నీ మీద అలిగి వెళ్ళిపోతున్నానని అనుకుంటాడు నాన్న."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమంది అక్కా, అని అడిగాడు వాడు, పలకరింపు కూడా లేకుండా. ఇక్కడే ఉంటానంది అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ పిల్ల కాదనదు, నా బాధ చూడలేక తలూపుతుంది, వాడు నాకు ముందే చెప్పిన సంగతే అది. పసుపు గది, దువ్వెన, దీపం, అన్నీ ఆ ఒక్క ముక్క అవతలే ఉన్నాయి. నా కుడికాలు సీటు మీదే ముడుచుకుని ఉన్నా వేళ్ళు బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"హాస్టలేరా" అన్నాను. "గొడవేం పడలేదు, అలకా లేదు. దానికి పదిమందిలో ఉండాలని ఉంది. మంచిది చూసి చేర్పించు. సెలవులకి మాత్రం నా దగ్గరికే పంపాలి, ఆ విషయంలో ఎవరిష్టాలూ అడగను."

నీకు కష్టంగా ఉందా అక్కా అన్నాడు.

"ఉండదా మరి? ఉంది. ఫోన్ పెట్టెయ్, నీళ్ళ మధ్యలో ఉన్నాం."

పెట్టేశాడు. కళ్ళనీళ్ళు వచ్చాయి, రానిచ్చాను. నత్త నా భుజానికి తల ఆనించి కూర్చుంది. జాకెట్లు ఉబ్బుగా అడ్డం వచ్చి సరిగా ఆనలేదు, అయినా అలాగే ఉంది. దుప్పట్లలో నల్లులుంటే ఫోన్ చేస్తానంది. చెయ్యి, నేనే వచ్చి దులుపుతానన్నాను.

ఇంతలో గాలి మమ్మల్ని దూరంగా నెట్టేసింది. ఒడ్డున పడవలాయన ఈల మీద ఈల వేస్తున్నాడు. నత్త పడవని వెనక్కి తిప్పి తొక్కడం మొదలుపెట్టింది. గాలికి ఎదురు. తొక్కుతోంది, ఆయాసపడుతోంది, పడవ ఉన్నచోటే ఊగుతోంది. నేను కాళ్ళు పైనే పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. కదలకుండా కూర్చోవడం ఇంత కష్టమని నాకు ఏ విద్యార్థీ నేర్పలేదు.

"అత్తా, ఇప్పుడు కాళ్ళు పెట్టు. ఒక్కదాన్నే లాగలేకపోతున్నా."

"మళ్ళీ ఆపేస్తానేమోనే."

"ఆపితే చెప్తాలే."

పెట్టాను. తొక్కాను. పక్క సీట్లో కూర్చున్న ఇన్నేళ్ళలో మొదటిసారి నా కాలు కిందికి దిగితే బండి ముందుకి పోయింది. ఒడ్డు దగ్గరపడింది. అక్కడ పడవలు తగలడానికి పాత టైర్లు వేలాడదీసి ఉన్నాయి, మేం వాటిమీదికి తిన్నగా, కాస్త జోరుగానే పోతున్నాం. మెల్లగా, మెల్లగా అని పడవలాయన చేతులు ఊపుతున్నాడు. నత్త పిడి వదల్లేదు, నావైపు ఒకసారి చూసింది. నేను తొక్కడం ఆపలేదు.

ధడేలున గుద్దుకున్నాం. ఇద్దరం ముందుకి తూలిపడ్డాం, నా చెప్పు ఒకటి నీళ్ళలో పడింది. పడవలాయన తిట్లు మొదలుపెట్టాడు. బాగా గుద్దావే అన్నాను నత్తతో.